పెరట్లోకి వచ్చే పిట్టలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఉద్యోగ విరమణ చేసిన పాఠకులు పెరటి పిట్టల గురించి పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే సంగతి పలువురు అడిగినచోట ఒక్క ప్రశ్నగా కలిపాం. పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాం.

ప్రశ్న: ఆర్నెల్ల కిందట రిటైరయ్యాను. పెరట్లో జామ, కరివేపాకు, మందారం, ఓ మూల అరటి ఉన్నాయి. రోజూ తొమ్మిదింటికి కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. కాకులు, గోరింకలు తప్ప ఏవీ కనబడటం లేదు. మా పెరట్లో వేరే పిట్టలు లేనట్టేనా? (తెనాలి)

జవాబు: ఉన్నాయి. మీరు కుర్చీ వేసేసరికి వాటి టిఫిన్లు అయిపోతున్నాయి. వెలుగు వచ్చిన దగ్గర్నుంచి గంటన్నర లోపే పిట్టలు ఎక్కువగా తిరుగుతాయి. రాత్రంతా ఏమీ తినలేదు కాబట్టి ఆకలి, ఎండ ఉండదు, గాలి ఉండదు కాబట్టి కూత దూరం వినిపిస్తుంది. ఎండెక్కాక ఆకుల చాటుకు పోతాయి. సాయంత్రం నాలుగున్నర దాటాక మళ్లీ కాస్త సందడి. వేసవిలో ఐదున్నరకే కుర్చీలో ఉండాలి, డిసెంబరులో ఆరున్నరకు వెళ్లినా చాలు.

కుర్చీ ఎక్కడ వేశారన్నది కూడా ముఖ్యమే. పొద్దున పూట తూర్పు మీ వీపు వైపు ఉండాలి. ఎదురు వెలుగులో చూస్తే ఏ పిట్టయినా నల్లగానే కనిపిస్తుంది. గోడనో స్తంభాన్నో ఆనుకుని కూర్చుంటే మీ ఆకారం విడిగా కనపడదు. తెల్ల బనియను, తెల్ల పంచె మాత్రం వద్దు. మెల్లగా మాట్లాడుకుంటే పిట్టలు పట్టించుకోవు గానీ చెయ్యి ఎత్తితే పోతాయి. మొదటి పది నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది, లేవకండి. రోజూ అదే చోట, అదే వేళకు కూర్చుంటే రెండు వారాల్లో మిమ్మల్ని కుండీల్లో ఒకటిగా లెక్కేసుకుంటాయి.

మీ పెరట్లో ముందు కరివేపాకు చెట్టు మీద కన్నేయండి. బొటనవేలంత పిట్ట, ఆలివ్ ఆకుపచ్చ వీపు, తుప్పురంగు నెత్తి, నిక్కబొడుచుకున్న తోక. దాని ఒంటికి పొంతన లేనంత గట్టిగా ‘టువిట్ టువిట్ టువిట్’ అని ఆపకుండా అరుస్తుంది. అదే దర్జీ పిట్ట. కొమ్మ కొమ్మకూ దూకుతూ ఆకుల అడుగున పురుగులు ఏరుకుంటుంది. మందారం లాంటి వెడల్పాటి ఆకు అంచుల వెంట ముక్కుతో సన్నటి చిల్లులు పొడిచి, దూదిపోగులూ సాలీడు దారమూ వాటిలోంచి దూర్చి ఆకును సంచిలా కుట్టేస్తుంది. గూడు ఆ సంచిలో. ఆకు పచ్చగానే ఉంటుంది కాబట్టి పక్కనుంచి వెళ్లినా తెలియదు. చెట్టు కొమ్మలు కత్తిరించే ముందు ఇలా ముడుచుకున్న ఆకులు ఉన్నాయేమో చూడండి.

గోరింకల్ని తీసిపారేయకండి. పిచ్చుక గెంతుతుంది, గోరింక నడుస్తుంది. గడ్డి కోసేటప్పుడు వెనకాలే నడిచి లేచిన మిడతల్ని పట్టేది అదే. గోరింకలన్నీ ఒకటే అనుకున్నవారు కూడా కొన్నాళ్లు చూస్తే తలమీద నల్లటి కుచ్చు, లేత ఇటుకరంగు పొట్ట ఉన్న పాపట గోరింకను వేరు చేయగలుగుతారు. రకాల లెక్క వెంట పడకుండా ఒక్క పిట్టను అది ఎగిరిపోయేదాకా చూడటం అలవాటైతే లెక్క దానంతట అదే పెరుగుతుంది. పట్నంలోని మామూలు పెరట్లో కూడా ఏడాది తిరిగేసరికి ఇరవై రకాలకు పైగా కనిపించడం వింతేమీ కాదు.

ప్రశ్న: ఎగ్జిబిషన్‌లో 20×50 అని రాసి ఉన్న బైనాక్యులర్ కొన్నాను. అంకె పెద్దదైతే మంచిదని చెప్పారు. పిట్టను పట్టుకునేలోపే అది పోతోంది, దొరికినా బొమ్మ ఊగిపోతోంది. నాకు కళ్లద్దాలున్నాయి, శుక్లాల ఆపరేషన్ అయింది, చేతులు కాస్త వణుకుతాయి. ఏది కొనాలి? (కరీంనగర్)

జవాబు: తప్పు చేతులది కాదు, ఆ 20ది. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. బొమ్మ ఇరవై రెట్లు పెరిగితే మీ చేతి వణుకూ ఇరవై రెట్లు పెరుగుతుంది. కనిపించే మేర ఇరుకైపోతుంది, అందుకే పిట్ట దొరకదు. ఇరవై రెట్ల బైనాక్యులర్‌ను వణుకులేని కుర్రవాళ్లు కూడా స్టాండు లేకుండా వాడలేరు.

పెరటికి 8×32 లేదా 8×42 తీసుకోండి. 8×42 బరువు మామూలుగా 600 నుంచి 700 గ్రాములుంటుంది. మెడనొప్పి ఉన్నవారికి 8×32 మేలు, వంద గ్రాములకు పైగానే తేలిక. ముందు అద్దాన్ని రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుగు చుక్క వెడల్పు వస్తుంది: 42ను 8తో భాగిస్తే 5.25 మిల్లీమీటర్లు, 32ను భాగిస్తే 4. వయసు మీరాక చీకట్లో కూడా కంటిపాప పడుచుతనంలో అంత పెద్దగా తెరుచుకోదు, కాబట్టి మనకు 4 చాలు. 10×25 అని జేబులో పట్టేవి వస్తాయి. వాటిలో ఈ లెక్క రెండున్నరే, తెల్లవారుజామున మసకగా ఉంటాయి.

కొనేటప్పుడు ఇంకో రెండు సంగతులు అడగండి. కళ్లద్దాలు తీయకుండా చూడాలంటే ఐ రిలీఫ్, అంటే కంటికీ కంటివైపు అద్దానికీ మధ్య ఉంచగలిగే దూరం, 15 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, తగ్గితే బొమ్మ అంచులు నల్లగా కోసుకుపోతాయి. అతి దగ్గరి ఫోకస్ రెండు, రెండున్నర మీటర్లలో ఉండాలి. ఐదారు మీటర్లుంటే ఎదుటి కుండీ మీద వాలిన తేనెపిట్ట మసకే. పది వేల రూపాయల చుట్టుపక్కల ఈ రెండూ ఉన్నవి దొరుకుతాయి. షాపులో పెట్టి కాకుండా గుమ్మంలోకి తెచ్చి, ఎదురింటి బోర్డు మీది అక్షరాలు చూసి కొనండి. చూశాక తలనొప్పిగా అనిపిస్తే లోపలి గొట్టాలు రెండూ ఒకే చోటికి చూడటం లేదన్నమాట, ఆ ముక్క వద్దు.

తెచ్చాక అందరూ వదిలేసే పని ఒకటుంది, కళ్లకు తగ్గట్టు సరిచేసుకోవడం. కళ్లద్దాలు పెట్టుకునే చూస్తారు కాబట్టి కంటి దగ్గరి రబ్బరు కప్పుల్ని తిప్పి పూర్తిగా కిందికి దించండి. రెండు గొట్టాల్ని మధ్య కీలు దగ్గర వంచుతూ రెండు వలయాలు ఒక్కటయ్యేదాకా దగ్గరికి తెండి. ఇప్పుడు కుడివైపు ముందు అద్దాన్ని అరచేత్తో మూసి, ముప్పై అడుగుల దూరంలోని ఏ అక్షరాన్నో ఎడమ కంటితో చూస్తూ మధ్య చక్రం తిప్పి స్పష్టం చేసుకోండి. తర్వాత ఎడమ అద్దం మూసి, మధ్య చక్రాన్ని ముట్టుకోకుండా, కుడికన్ను దగ్గర ఉండే డయాప్టర్ రింగు తిప్పి అదే అక్షరాన్ని స్పష్టం చేయండి. ఆ రింగు ఏ గీత దగ్గర ఆగిందో గుర్తుంచుకోండి. ఇక మీదట మధ్య చక్రం ఒక్కటే తిప్పాలి. రెండో కంటికి కూడా ఆపరేషన్ అయితే ఇదంతా మళ్లీ చేయాలి. ఇంట్లో ఇద్దరు వాడుతుంటే ఎవరి గీత వాళ్లు గుర్తుపెట్టుకోవాలి, లేకపోతే రోజూ ‘ఇది పాడైంది’ అనే మాటే.

పిట్టను పట్టడానికి తలదించి బైనాక్యులర్‌ను వెతుక్కోకండి. చూపు పిట్ట మీదే ఉంచి, బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోండి. మోచేతులు కుర్చీ చేతుల మీద ఆనిస్తే వణుకు సగం పోతుంది.

విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో తోలు సంచిలో పెట్టి బీరువాలో దాస్తే అద్దాల లోపల బూజు పడుతుంది. మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో ఉంచండి. అద్దం మీది దుమ్మును ముందు ఊది, తర్వాతే మెత్తటి బట్టతో తుడవాలి. చీర కొంగు, పంచె అంచు పనికిరావు, ఇసుక రేణువు ఉంటే గీతలు పడతాయి.

ప్రశ్న: ఎండలకు పిట్టలు అల్లాడుతుంటే చూడలేక డాబా మీద స్టీలు బేసినులో నీళ్లు పెట్టాం. ఒక్క పిట్టా దిగడం లేదు. (నరసరావుపేట)

జవాబు: బేసినులో మూడు దోషాలున్నాయి. లోతు ఎక్కువ, అంచు జారుతుంది, డాబా మీద ఎండకు కాలుతుంది. చిన్న పిట్టలకు రెండంగుళాల లోతు దాటితే భయం. అడుగున కాలు ఆనాలి. అడుగున్నర వెడల్పు మట్టి మూకుడు గానీ, గరుకు సిమెంటు తొట్టి గానీ తీసుకుని అంచు దగ్గర అంగుళం, నడుమ రెండంగుళాలు నీళ్లుండేలా చూడండి. లోతైనదే ఉంటే గులకరాళ్లు పోసి లోతు తగ్గించండి.

నీడలో, నేలకు మూడు అడుగుల ఎత్తు పీట మీద, పొదకు ఆరేడు అడుగుల దూరంలో పెట్టాలి. మరీ పొద పక్కనే ఉంటే పిల్లి పొంచి ఉంటుంది, మరీ బయలైతే డేగ వచ్చినప్పుడు దాక్కోవడానికి చోటుండదు. తడిసిన రెక్కలతో పిట్ట సరిగా ఎగరలేదు కాబట్టి స్నానానికి దిగే ముందు ఈ దూరాన్ని అది బాగా చూసుకుంటుంది. పొద మీద వాలుతుంది, అటూ ఇటూ తల తిప్పుతుంది, మూకుడు అంచుకు వస్తుంది, మళ్లీ పొదలోకి పోతుంది. పిగిలిపిట్ట (బుల్‌బుల్) అయితే ఇలా రెండు మూడు సార్లు చేసి, చివరికి పొట్ట దాకా మునిగి, తోకను విసనకర్రలా విప్పి రెక్కలు కొడుతుంది. తోక మొదట్లో ఎర్రటి మచ్చ అప్పుడు బాగా కనిపిస్తుంది.

నీటి బొట్లు రాలే చప్పుడు పిట్టల్ని పిలిచినంతగా నీళ్లు పిలవవు. పాత ప్లాస్టిక్ సీసా అడుగున సూదితో చిల్లు పెట్టి మూకుడు పైన కొమ్మకు వేలాడదీయండి. మూత బిగించడం, వదులు చేయడంతో బొట్ల వేగం సరిపెట్టుకోవచ్చు. కొత్త వస్తువును నమ్మడానికి వాటికి పది పదిహేను రోజులు పడుతుంది, ఈలోగా చోటు మార్చకండి.

నీళ్లు రోజూ పారబోయాలి, వేసవిలో రెండుసార్లు. పారబోస్తే చాలదు, కొబ్బరి పీచుతో గోడలు రుద్దాలి. డెంగీ తెచ్చే దోమ గుడ్లు నీటి గీత దగ్గర అంటుకుని, ఎండినా బతికుండి, మళ్లీ నీళ్లు పోయగానే పొదుగుతాయి. సబ్బు వద్దు. పెరట్లో లోతైన తొట్టెలు, నూతి పక్క కుండీలు ఉంటే వాటిలో ఓ కర్ర ఏటవాలుగా వేసి ఉంచండి. దాహానికి దిగి పైకి రాలేక చనిపోయే ఉడతలు, పిట్టలు చాలా.

ప్రశ్న: గింజలు ఏవి, ఎంత వేయాలి? మిగిలిన అన్నం, బిస్కెట్లు వేయొచ్చా? గింజలు వేసిన దగ్గర్నుంచి ఎలుకలు మొదలయ్యాయి. (నిజామాబాద్)

జవాబు: కొర్రలు, సజ్జలు, వరి నూకలు కలిపి ఒక గుప్పెడు, అంటే యాభై గ్రాములు. పిచ్చుకలకు, గువ్వలకు, జీనువాయి అని మనవాళ్లు పిలిచే మునియాలకు ఇది చాలు. నేల మీద చల్లకండి. అడుగున సన్నటి చిల్లులున్న పళ్లేన్ని నాలుగైదు అడుగుల ఎత్తులో కట్టి, పొద్దున ఒకే వేళకు వేసి, గంటలో అయిపోయేంతే వేయాలి. సాయంత్రానికి గింజ మిగిలిందంటే మర్నాడు తగ్గించండి. ఎలుకలు వచ్చేది మిగులుకే. తడిసి బూజు పట్టిన గింజ పిట్టకు విషంతో సమానం, వానాకాలంలో వేయకపోయినా నష్టం లేదు, బయట పురుగులకు కొదవుండదు.

ఉప్పు లేని అన్నం కొద్దిగా అయితే కాకులు, గోరింకలు తింటాయి. మిక్చరు, బిస్కెట్లు, ఉప్పు కలిసినవేవీ వద్దు. పాలు పిట్టలకు అరగవు. బాగా ముగ్గిన అరటిపండునో బొప్పాయి ముక్కనో మేకుకు గుచ్చితే పిగిలిపిట్ట వస్తుంది. సాయంత్రం తీసేయాలి, లేకపోతే ఈగలు.

అయితే గింజల మీద పెట్టే ఖర్చు మొక్కల మీద పెట్టమంటాం. కరివేపాకు చెట్టును పూతకు, కాయకు వదిలేస్తే నల్లగా పండిన ఆ పండ్లకు కోయిల, పిగిలిపిట్ట తప్పకుండా వస్తాయి. సింగపూర్ చెర్రీ ఒక్కటి ఉంటే పెరడు ఖాళీగా ఉండదు. తేనెపిట్టకు మందారం, దానిమ్మ పూత, అరటి పువ్వు. మందారం లోపలికి ముక్కు అందకపోతే పువ్వు మొదట్లో పక్కనుంచి పొడిచి తేనె లాగేస్తుంది, చూసి తీరాలి. గోడ వారన రెండడుగుల మేర గడ్డి కోయకుండా విత్తనం పట్టనిస్తే మునియాలు గుంపుగా దిగి కంకుల్ని వంచుకుని తింటాయి. మందులు కొట్టే పెరట్లో ఇవేవీ పనిచేయవు.

ప్రశ్న: నాలుగో అంతస్తులో ఉంటాం. పెరడు లేదు, బాల్కనీయే. పిట్టల కోసం గింజలు వేస్తే పావురాలే వస్తున్నాయి. మావారికి ఉబ్బసం. (హైదరాబాద్, కూకట్‌పల్లి)

జవాబు: ఈరోజే ఆపేయండి. మొహమాటం లేకుండా చెబుతున్నాం. ఎండిన పావురం రెట్ట పొడి గాల్లో లేచి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే అలర్జీతో మొదలై, ఏళ్ల తరబడి పీల్చినవారిలో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు దాకా పోవచ్చు. ఉబ్బసం ఉన్న ఇంట్లో ఈ రిస్కు వద్దు. పొడి దగ్గు, ఆయాసం కొత్తగా ఎక్కువైతే పావురాల సంగతి డాక్టరుకు చెప్పండి.

ఉన్న రెట్టను పొడిగా ఊడ్చకూడదు. ఎన్95 మాస్కు, గ్లౌజులు వేసుకుని, ముందు నీళ్లు బాగా చిమ్మి నానబెట్టి, తడిగానే గీకి తీసి, మూటకట్టి పారేయాలి. మీవారిని ఆ సమయంలో లోపలి గదిలో కూర్చోబెట్టండి. వల కట్టిస్తే బిగుతుగా కట్టించాలి. వదులు వలలో పావురాలే కాదు, వేరే పిట్టలూ చిక్కుకుని చస్తాయి. ఏసీ యూనిట్ వెనక సందు మూయించడం మరవకండి, గూడు పెట్టేది అక్కడే.

గింజ లేకపోయినా బాల్కనీకి పిట్టలొస్తాయి. ఒక పెద్ద కుండీలో హమేలియా అనే తేనెపూల పొద, ఒకదాంట్లో మందారం పెట్టండి. పావురం తేనె తాగదు. నాలుగో అంతస్తు నుంచి మీకున్న లాభం ఏమిటంటే చెట్ల తలలు కళ్లకు సమానంగా ఉంటాయి. ‘టుక్ టుక్ టుక్’ మని గంటల తరబడి సుత్తి కొట్టినట్టు కూసే కంసాలి పిట్టను నేలమీదివాళ్లు వింటారే గానీ చూడలేరు. మీరు ఉదయపుటెండలో ఆకులు రాలిన చిటారు కొమ్మ మీద దాన్ని చూడొచ్చు: ఆకుపచ్చ ఒళ్లు, ఎర్ర నుదురు, పసుపు గొంతు.

ప్రశ్న: పిచ్చుకల గూడు పెట్టె కొని వరండాలో కట్టాం. రెండేళ్లయినా ఒక్కటీ రాలేదు. (అమలాపురం)

జవాబు: ముందు మీ వీధిలో పిచ్చుకలున్నాయా చూడండి. పెట్టె పిచ్చుకల్ని సృష్టించదు, ఉన్నవాటికి చోటిస్తుంది, అంతే. ఉంటే మాత్రం ఈ కొలతలు సరిచూడండి. లోపలి నేల పదిహేను సెంటీమీటర్ల చదరం, ఎత్తు పాతిక సెంటీమీటర్లు. ద్వారం 32 నుంచి 35 మిల్లీమీటర్లు, నేలకు పదిహేను సెంటీమీటర్ల పైన. బజారులో దొరికే చాలావాటికి రెండంగుళాల కన్నం ఉంటుంది, గోరింక దూరిపోతుంది. అందం కోసం ద్వారం కింద పుల్ల బిగిస్తారు, దాన్ని పీకేయండి. పిచ్చుకకు అక్కర్లేదు, కాకి నిలబడి పిల్లల్ని లాక్కోవడానికి తప్ప. అడుగు మూలల్లో నాలుగు సన్నటి చిల్లులు, లోపల రంగు వార్నిషు లేకుండా, పలక కనీసం ఒకటిన్నర సెంటీమీటర్ల మందం. పలచటి ప్లైవుడ్ పెట్టె ఏప్రిల్‌లో పొయ్యిలా కాలుతుంది, అట్టపెట్టె మొదటి వానకే పోతుంది.

కట్టేది తూర్పుకో ఉత్తరానికో, సన్‌షేడ్ కింద, ఎనిమిది నుంచి పన్నెండు అడుగుల ఎత్తులో. సీలింగ్ ఫ్యాను తిరిగే వరండాలో మాత్రం వద్దు. పిచ్చుకలు జట్టుగా ఉండే జాతి కాబట్టి ఒకటి కాక రెండు మూడు పెట్టెలు, మధ్య కాస్త దూరం ఇచ్చి కట్టండి.

అసలు లోటు చాలాసార్లు పెట్టెలో కాదు, పిల్లల తిండిలో ఉంటుంది. పెద్ద పిచ్చుక గింజ తిన్నా పిల్లలకు పెట్టేది పురుగులు. దగ్గర్లో గోరింటాకు పొదో నిమ్మచెట్టో, మట్టిస్నానానికి రెండడుగుల పొడి మన్నో ఉండాలి. గచ్చు చేసేసిన పెరట్లో రెండూ ఉండవు. మీ కోనసీమలో చూరుకు వేలాడదీసే వరికంకుల కుచ్చులు ఉన్నాయి కదా, పెట్టె కన్నా ముందు ఆ కుచ్చు కట్టండి, పిచ్చుకలకు చోటు తెలుస్తుంది. పుల్లలు మోయడం మొదలయ్యాక పెట్టె తెరిచి చూడకూడదు. మూడు నుంచి ఐదు గుడ్లు, పొదగడానికి పన్నెండు రోజులు అటూ ఇటూ, ఎగరడానికి ఇంకో రెండు వారాలు. పిల్లలు పోయాక కూడా వెంటనే శుభ్రం చేయకండి, అదే జంట వెంటనే మళ్లీ పెట్టొచ్చు. నెలరోజులు ఎవరూ రాకపోతే పాత గడ్డి తీసి ఎండలో పెట్టండి.

ప్రశ్న: ఒక పిట్ట రోజూ పొద్దున్నే స్కూటరు అద్దాన్ని, తర్వాత కిటికీ అద్దాన్ని పొడుస్తోంది. ఏమైనా చెప్పాలనా? (అనంతపురం)

జవాబు: మీకు కాదు, అద్దంలోని ‘శత్రువు’కు చెబుతోంది. గూడు కట్టే రోజుల్లో తన జాగాలోకి ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని పొడుస్తుంది. తేనెపిట్ట, పిగిలిపిట్ట, నలుపు తెలుపుల పెద్దనల్లంచి, ఈ మూడింటిలో ఏదో ఒకటై ఉంటుంది. స్కూటరు అద్దాలకు పాత సాక్సు తొడగండి. కిటికీకి మాత్రం లోపల పరదా వేస్తే ప్రయోజనం లేదు, వెనక చీకటి పెరిగి ప్రతిబింబం ఇంకా బాగా కనిపిస్తుంది. బయటివైపు న్యూస్‌పేపరో గుడ్డో అంటించండి. రెండు మూడు వారాలు పోతే ఆ ఊపు తగ్గుతుంది.

ప్రశ్న: మల్లెతీగలో పిగిలిపిట్ట గూడు పెట్టింది. ఓ పిల్ల కింద పడింది. ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందని మా అత్తగారు వద్దంటున్నారు. (ఏలూరు)

జవాబు: ఆ భయం అక్కర్లేదు, మనిషి చెయ్యి తగిలినంత మాత్రాన తల్లి పిల్లను వదిలేయదు. పిల్లకు ఈకలు రాకుండా ఎర్రగా, కళ్లు మూసుకుని ఉంటే మెల్లగా తీసి గూట్లో పెట్టేయండి. గూడే ఊడిపడితే చిన్న వెదురు బుట్టలో పాత గూడు ఉంచి, అదే చోట తీగకు కట్టి, ఇరవై అడుగుల దూరం జరగండి. గంట రెండు గంటల్లో తల్లిదండ్రులు తిండి తెస్తాయి. మీరు దగ్గర నిలబడి ఉంటే మాత్రం రావు.

ఈకలు వచ్చి, పొట్టి తోకతో గెంతుతూ ఉంటే అది పడిపోలేదు, గూడు దిగింది. పిగిలిపిట్ట పిల్లలు పన్నెండు రోజుల ప్రాంతంలో, ఎగరడం పూర్తిగా రాకుండానే దిగేస్తాయి. నేలమీద ఉంటే పొద మీదికి ఎక్కించి వదిలేయండి, ఓ రెండు రోజులు పిల్లిని ఇంట్లో కట్టేయండి. పాలు పోయకండి. నీళ్లు చుక్కలుగా నోట్లో వేయడం అన్నిటికన్నా ప్రమాదం, ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తుంది. పిల్లి పళ్లు దిగితే గాయం చిన్నదైనా విషమిస్తుంది, ఆరోజే పశువైద్యుడికి చూపించాలి.

ప్రశ్న: కాకి తలమీద తన్నింది. శాంతి చేయించాలంటున్నారు. (కడప)

జవాబు: మీ ఇష్టం, కానీ ముందు తల పైకెత్తి చెట్టు చూడండి. గూడు ఉంటుంది, లేదా ఎగరడం రాని పిల్ల గోడ మీద కూర్చుని ఉంటుంది. వేసవిలో కాకులు గూటి దగ్గరికి వచ్చినవారిని మామూలుగా వెనక నుంచే తంతాయి. మూడు నాలుగు వారాలు గొడుగు వేసుకుని ఆ దారిన వెళ్లండి. ఆ గూట్లో ఒక పిల్ల తక్కినవాటికన్నా వేరుగా ఉందేమో గమనించండి. కోయిల గుడ్లు పెట్టేది ఎక్కువగా కాకి గూట్లోనే. ఎర్రకళ్ల నల్లకోయిల మగది, కూసేది అదే. గోధుమరంగు మీద తెల్ల చుక్కలది ఆడది, పాటగత్తె కాదు, ‘కిక్ కిక్ కిక్’ మంటుంది.

ప్రశ్న: అక్టోబరు చివర్లో రంగురంగుల పిట్ట, తోక దాదాపు లేనిది, రాత్రి మా వరండాలో పడి ఉంది. ఎక్కడిది? (నెల్లూరు)

జవాబు: పొన్నంకి పిట్ట. పచ్చటి వీపు, రెక్కమీద మెరిసే నీలం, తోక కింద ఎరుపు ఉండి ఉంటాయి. వేసవిలో హిమాలయాల పాదాల దగ్గర, మధ్య భారతంలో గుడ్లు పెట్టి, చలికాలానికి దక్షిణాదికి, శ్రీలంకకు వస్తుంది. రాత్రిపూట ప్రయాణిస్తూ దీపాల వెలుగుకు తికమకపడి గోడలకు, అద్దాలకు కొట్టుకుంటుంది. ఇలా మళ్లీ జరిగితే చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో పాత తువ్వాలు వేసి, పిట్టను ఉంచి మూతపెట్టి, చీకటి గదిలో వదిలేయండి. తిండి, నీళ్లు పెట్టకండి. వెలుగొచ్చాక ఆకులు రాలిన నీడపట్టున పెట్టె మూత తీస్తే దానంతట అదే వెళ్తుంది. ఆ రోజుల్లో వరండా దీపం రాత్రంతా వెలగనివ్వకండి.

ప్రశ్న: దసరాకు పాలపిట్టను చూపిస్తామని పంజరంలో తెస్తారు. చూసి డబ్బులివ్వొచ్చా? (సిద్దిపేట)

జవాబు: వద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద అది నేరం. కాళ్లు కట్టి, రెక్కలు అతికించి తెచ్చిన పిట్టల్లో చాలావరకు తర్వాత బతకవు. మీ రాష్ట్ర పక్షిని చూడటానికి ఊరి బయట పొలాల వెంట కరెంటు తీగలు చాలు. కూర్చున్నప్పుడు మట్టిరంగుగా ఉంటుంది, మిడత కోసం కిందికి దూకినప్పుడే ఆ నీలం తెలుస్తుంది. కాబట్టి కనిపించగానే ఆగి, ఎగిరేదాకా చూడండి. చిలుకను ఇంట్లో పెంచుకోవడానికీ ఇదే చట్టం అడ్డు.

ప్రశ్న: పిట్టల కూతలు ముందులా వినబడటం లేదు. పిట్టలు తగ్గాయా, నా చెవులా? (రాజమహేంద్రవరం)

జవాబు: రెండూ కావచ్చు, చెవుల సంగతి తేల్చుకోవడం తేలిక. వయసుతో ముందు పోయేది సన్నటి, హెచ్చు స్వరాలు. గోరింక, కాకి, కోయిల వినబడుతూ తేనెపిట్ట ‘చిప్ చిప్’ మాత్రం వినబడకపోతే చెవుల డాక్టరును కలవండి. కార్నెల్ విశ్వవిద్యాలయం వారి మెర్లిన్ అనే ఉచిత యాప్‌లో భారతదేశం ప్యాక్ దించుకుని సౌండ్ ఐడీ నొక్కితే, ఫోను విన్న పిట్ట పేరు తెరమీద వస్తుంది. మీకు వినబడనిది ఫోనుకు వినబడితే ఎటు చూడాలో తెలుస్తుంది. పొరపడుతుంది కూడా, కళ్లతో చూసేదాకా పుస్తకంలో రాసుకోకండి. అందులోని కూతలు గట్టిగా పెట్టి పిట్టల్ని రప్పించే అలవాటు మాత్రం చేసుకోవద్దు. గూడు వదిలి, లేని శత్రువు కోసం తిరుగుతాయి.

లెక్క రాసేవారికి ఇంకో మాట. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. 1998లో అమెరికాలో మొదలైంది, 2013 నుంచి మనదేశంలోనూ చేస్తున్నారు. కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట కూర్చుని, కనిపించినవీ వినిపించినవీ లెక్కపెట్టి ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో నమోదు చేయాలి. కాకుల్ని, పావురాల్ని కూడా రాయాలి, ‘మామూలువే కదా’ అని వదిలేస్తే ఆ జాబితా ఎందుకూ పనికిరాదు.

ప్రశ్న: న్యూజెర్సీలో అబ్బాయి దగ్గర ఆరు నెలలు ఉంటున్నాను. ఇక్కడి తేనెపిట్టలకు చక్కెర నీళ్లు పెడతారట. బెల్లం కలపవచ్చా? మన ఊళ్లోనూ ఇలా పెట్టొచ్చా? (న్యూజెర్సీ నుంచి)

జవాబు: బెల్లం, తేనె రెండూ వద్దు. తేనె నీళ్లలో బూజు త్వరగా పెరుగుతుంది, బెల్లంలోని ఇనుము వాటికి మంచిది కాదు. తెల్ల పంచదార ఒక కప్పు, నీళ్లు నాలుగు కప్పులు, కరిగేదాకా కలిపి చల్లార్చి పోయండి. ఎర్ర రంగు కలపక్కర్లేదు, ఫీడరుకు ఎర్ర పువ్వు బొమ్మ ఉంటే చాలు. ఎండలు ముదిరినప్పుడు రోజు విడిచి రోజు, చల్లటి వేళ నాలుగైదు రోజులకోసారి పారబోసి, వేడినీళ్లతో బ్రష్ పెట్టి కడగాలి. నీళ్లు మసకబారాయంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

మీరు చూస్తున్నది మన తేనెపిట్ట కాదు, హమ్మింగ్‌బర్డ్. అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా ఉండదు. న్యూజెర్సీకి ఏప్రిల్ చివర వచ్చి, అక్టోబరు మొదటికల్లా వెళ్లిపోతుంది. అది గాల్లోనే నిలబడి తాగుతుంది, మన తేనెపిట్ట చాలావరకు కొమ్మ పట్టుకుని కూర్చుని తాగుతుంది. మన ఎండలకు చక్కెర నీళ్లు పూటలోనే పులుస్తాయి, చీమలూ తేనెటీగలూ మూగుతాయి. ఇక్కడ మందారం మొక్కే సరి.

ఫీడరును కిటికీ అద్దానికి మూడడుగుల లోపు గానీ, ముప్పై అడుగుల అవతల గానీ కట్టించండి. ఆ మధ్య దూరాల్లోనే బెదిరిన పిట్ట వేగం పుంజుకుని అద్దానికి కొట్టుకుంటుంది. ఎలుగుబంట్లు తిరిగే వైపు ఇల్లయితే ఏప్రిల్ నుంచి నవంబరు దాకా గింజల ఫీడర్లు అసలు పెట్టొద్దు, చక్కెర నీళ్లదైనా రాత్రిపూట లోపలికి తెచ్చేయాలి. మీరు బయల్దేరేముందు కడిగే పని ఎవరిదో అబ్బాయి, కోడలితో తేల్చుకోండి. తీరిక లేదంటే ఫీడరు విప్పి, కడిగి, ఆరబెట్టి గరాజులో పెట్టి రండి.